రైస్ మిల్లు, గోదాం, కోల్డ్ స్టోరేజీ బీమా: పాలసీలో మీ పనిని ఏమని రాశారు?

కృష్ణా డెల్టాలో సాగుతో పాటు రైస్ మిల్లు, పిండిమర, నూనె మిల్లు, గోదాం నడిపే రైతులు ఎందరో ఉన్నారు. బ్యాంకు రుణం కోసం బీమా చేయిస్తారు కానీ, పాలసీ కాగితం చదివేవారు తక్కువ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినట్లు మీ మిల్లులోకి నీరు వస్తే, పరిహారం ఆ కాగితంలోని రాతను బట్టే వస్తుంది.

వర్గీకరణ ఎలా చేస్తారు?

భవనంలో జరిగే పనిని బట్టి బీమా కంపెనీలు రేటు కడతాయి. దీన్ని ఆక్యుపెన్సీ అంటారు. ఇల్లు, దుకాణం, ఆఫీసు ఒక వర్గం. తయారీ పరిశ్రమలు మరో వర్గం. సరుకు నిల్వ చేసే గోదాములు వేరే వర్గం. తయారీలోనూ నిప్పు ప్రమాదాన్ని బట్టి తేడా ఉంటుంది. పత్తి జిన్నింగ్ మిల్లుకు, ఐస్ ప్లాంటుకు ఒకే రేటు ఉండదు. గోదాముకైతే లోపల ఉన్న సరుకును చూస్తారు.

2007 జనవరి నుంచి కంపెనీలు రేట్లను సొంతంగా నిర్ణయించుకుంటున్నాయి. కాబట్టి రెండు మూడు కంపెనీలను అడిగి చూడండి.

ఏ పాలసీ వర్తిస్తుంది?

2021 ఏప్రిల్ 1 నుంచి, ఒకే చోట ఉన్న భవనం, యంత్రాలు, సరుకు మొత్తం విలువ రూ.5 కోట్ల వరకు ఉంటే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆపైన రూ.50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష వర్తిస్తాయి. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద నష్టం కూడా వీటిలో ఉంటాయి.

జాగ్రత్తలు

• మిల్లును దుకాణంగా, కోల్డ్ స్టోరేజీని మామూలు గోదాముగా రాయిస్తే ప్రీమియం తగ్గవచ్చు. నష్టం జరిగినప్పుడు మాత్రం పరిహారం ఆగిపోయే ప్రమాదం ఉంది.
• గోదాంలో కొత్తగా మర పెట్టినా, సరుకు మారినా కంపెనీకి రాసి ఇవ్వండి. అన్‌సీజన్లో నెలకు మించి మిల్లు మూసినా ముందే తెలపండి.
• విలువ తగ్గించి రాయించకండి. రూ.40 లక్షల ఆస్తికి రూ.20 లక్షలకే బీమా ఉంటే, రూ.10 లక్షల నష్టానికి సుమారు రూ.5 లక్షలే వస్తాయి. తేడా 15 శాతం లోపు ఉంటే కోత ఉండదు.
• కోల్డ్ స్టోరేజీలో చల్లదనం తగ్గి సరుకు చెడిపోతే మామూలు అగ్ని బీమా వర్తించదు. దానికి వేరే కవరు తీసుకోవాలి.

ఈరోజే పాలసీ తీసి, మీ పని, చిరునామా, సరుకు పేరు సరిగా ఉన్నాయో చూడండి. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా సవరణ అడగండి.