తరగతి గదిలో యంత్రము: చట్టము, ధర్మము



నేను ఏన్కూరు వాడను. ఒక వైపు ఖమ్మము మైదానము, మరియొక వైపు భద్రాచలపు టడవుల అంచు. నడుమ మా యూరు. మా ప్రాంతపు బళ్లలో కోయ పిల్లలు, లంబాడీ పిల్లలు, రైతుల పిల్లలు కలిసి కూర్చుండి చదువుకొందురు. ఒకనాడు మిరప కల్లమువద్ద ఒక వృద్ధుడు నన్ను నిలిపి యడిగెను: “ఏమయ్యా, మా మనుమరాలి ఫోటో బడిల తీసి ఫోన్లల్ల పెట్టిండ్రంట. మమ్ముల నడగొద్దా?” వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న కొంత చరిత్ర చెప్పవలసి యున్నది.

తరగతి గదిలోనికి యంత్రము వచ్చుట నేటి మాట కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఉపగ్రహము సాయముతో మన దేశమున ఒక గొప్ప ప్రయోగము జరిగెను. ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పెట్టె లిచ్చిరి. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మొదలగు విషయములు. అందు తెలుగు కార్యక్రమములును ఉండెను. పిదప 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి చదువు కొరకే ఎడ్యుశాట్ అను ఉపగ్రహమును పంపిరి. కరోనా వలన బడులు మూతపడగా, తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ఇండ్లకు వచ్చెను.

ఇందొక విషయము గమనింపుడు. రేడియోగాని, టెలివిజనుగాని మాటను లోపలికి తెచ్చునవే. వినుచున్న పిల్ల యెవరో, ఎట్లున్నదో వానికి తెలియదు. అప్పుడు పెద్దలు విచారింపవలసినది ఒక్కటే: చెప్పునది మంచిదా, కాదా? చేతి ఫోను వచ్చిన పిదప యంత్రము వినిపించుటయే గాక, తరగతి గదిలోని రూపమును, మాటను, వ్రాతను బయటికి పంపసాగెను. కనుక రెండవ ప్రశ్న పుట్టినది: ఎవరి సమ్మతితో పంపుచున్నారు?

ఈ ప్రశ్న ఎంత బరువైనదో 2023లో మన రాష్ట్రమే చూచినది. ఏప్రిల్ 3న తాండూరులో పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రము, మరునాడు హనుమకొండ జిల్లా కమలాపురములో హిందీ ప్రశ్నపత్రము, పరీక్ష జరుగుచుండగనే వాట్సాపులో బయటికి వచ్చెను. కమలాపురములో ఫోటో తీసినది వెలుపలివారు. పత్రము మాత్రము ఒక బాలునిది. ఆ బాలుని ఐదేండ్లపాటు పరీక్షలకు దూరము చేయుచు అధికారులు ఉత్తర్వు చేసిరి. హైకోర్టు కలుగజేసికొని మిగిలిన పరీక్షలు వ్రాయనిచ్చినది. ఫోటో తీయుటకు పట్టినది క్షణకాలము. దాని వలన ఊగిసలాడినది ఒక పిల్లవాని బ్రతుకు.

చట్టము ఏమి చెప్పుచున్నది? 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, నేరారోపణకు గురియైన బాలుని, నేరమునకు బలియైన బాలుని గుర్తు తెలియునట్లు ప్రకటించుట శిక్షార్హము. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార చట్టము పదునెనిమిదేండ్లు నిండని వారినందరిని బాలలుగానే యెంచి, వారి వివరములు సేకరించు సంస్థలు తల్లిదండ్రుల సమ్మతి పొందవలెనన్నది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి; విడతలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటు చేసిరి.

చట్టము యంత్రమునకు శత్రువని తలపకుడు. 1957 నాటి కాపీరైటు చట్టము బోధనకై ఉపాధ్యాయుడు పుస్తక భాగములను ప్రతులు తీసికొనుటకు అనుమతించినది. 2016లో ఢిల్లీ హైకోర్టు విశ్వవిద్యాలయపు పాఠ్యభాగముల జిరాక్సు ప్రతుల విషయమున విద్యార్థుల పక్షముననే తీర్పిచ్చినది. చదువుకై వాడుకొనుటకు దారి విశాలముగనే యున్నది.

అయితే చట్టమునకు ఒక గడప కలదు. 2023 చట్టము సంస్థలను కట్టడి చేయునే గాని, ఒక మనిషి తన సొంత పనికై, ఇంటి పనికై చేయు దానిని పట్టుకొనదు. అభిమానముతో పొరుగింటి పిల్ల ఫోటోను నలుగురికి పంపినవానిని ఆపునది ధర్మమొక్కటే. మన ఇండ్లలో పొరుగువారి కొడవలి కావలసినను అడిగి తెచ్చుకొనుట ఆచారము. కొడవలి తిరిగి ఇచ్చివేయవచ్చును. వేయి ఫోనులకు చేరిన బొమ్మను తిరిగి తెచ్చువా డెవడు?

కావున నాటి వృద్ధునకు నేడిట్లు చెప్పుచున్నాను: “తాతా, నీవడిగినది న్యాయమే. అడిగి తీయవలసినది.” పెద్దలారా! మీ యూరి బడి సమావేశమునకు పోయినప్పుడు ఈ మూడు మాటలు అడుగుడు: పిల్లల బొమ్మలు ఎవరు తీయుదురు? ఎవరికి పంపుదురు? తల్లిదండ్రులు వలదన్నచో తీసివేయుదురా? మన చేతులలోని ఫోనులకును ఇదే నియమము పెట్టుకొందము. పెద్దలు పాటింపని కట్టుబాటును పిల్లలు నేర్వరు గదా.