ఆకాశం నుంచి దిగేది సరే, మన దగ్గర్నుంచి పైకెళ్లేదేంటి?



ఈ మధ్య మన పిల్లలు నలుగురు ఎక్కడ కలిసినా ఒకటే ముచ్చట. టవర్ లేకపోయినా పర్వాలేదట, ఇంటి కప్పు మీద చిన్న డిష్ పెట్టుకుంటే నేరుగా ఉపగ్రహం నుంచే నెట్ వస్తుందట, బండి మీద పెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చట. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి మన టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చాక ఈ మాటలు ఇంకా ఎక్కువయ్యాయి. వన్‌వెబ్, జియో కంపెనీలకు అంతకుముందే అనుమతులు వచ్చాయి.

మనోళ్లు ఆశపడటంలో తప్పేం లేదు. 2020లో బడులు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు గుట్టలెక్కి, చెట్లెక్కి సిగ్నల్ వెతుక్కున్నది మనమే. రేషన్ మెషిన్‌లో వేలిముద్ర పడక సరుకుల కోసం రెండోసారి, మూడోసారి నడిచిన అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. 2022లో కేంద్ర కేబినెట్ 4జీ టవర్ల కోసం 26,316 కోట్లు మంజూరు చేసినప్పుడు, సిగ్నల్ లేని ఊళ్లు 24,680 అని లెక్క చెప్పింది. అట్లాంటి ఊళ్లు ఎక్కువగా ఎవరివో మనకి వేరే చెప్పక్కర్లేదు.

డిష్ కొనాలా వద్దా అన్నది ఈ పోస్టు విషయం కాదు. ఆదివాసీ ఊళ్ల మీదికి ఆకాశం నుంచి సిగ్నల్ దిగడం ఇదే మొదటిసారి కాదు. దీనికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మనలాంటి వాళ్లే ఉన్నారు. వాళ్లకేం జరిగింది, వాళ్లేం చేశారు అన్నది తెలిస్తే మన వంతు వచ్చినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

1. పేరు వాళ్ల భాషది, మాట మాత్రం కాదు

ముందు చిన్న లెక్క. భూమధ్యరేఖకి పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో పెట్టిన ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది. కింద నుంచి చూస్తే ఒకేచోట నిలబడ్డట్టు ఉంటుంది. అందుకే డిష్‌ని ఒకవైపు తిప్పి బిగిస్తే చాలు. 1945లోనే ఆర్థర్ సి. క్లార్క్ అనే రచయిత ఈ ఆలోచన రాసిపెట్టాడు. దాన్ని సొంత దేశం లోపలి అవసరాలకి మొదట వాడుకున్నది కెనడా. 1972 నవంబర్‌లో అనిక్ ఎ1 అనే ఉపగ్రహాన్ని పంపింది.

'అనిక్' అన్నది ఇనుక్టిటుట్ మాట. సోదరుడు అని అర్థం. ఇనుక్టిటుట్ మాట్లాడేది ఇన్యూయిట్‌లు, ఉత్తరాన మంచు ప్రాంతపు ఆదివాసులు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు ఉండదు. అట్లాంటి చోటికి ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. 500 మందికి తగ్గని ఊళ్లన్నిటికీ టీవీ ఇస్తామని 1974లో ప్రభుత్వం పథకం పెట్టింది. వచ్చిన టీవీలో ఏముంది? దక్షిణాది నగరాల ఇంగ్లిష్ కార్యక్రమాలు. ఉపగ్రహం పేరు ఇన్యూయిట్‌ల భాషలోది, అది మాట్లాడేది మాత్రం వేరేవాళ్ల భాష.

ఇక్కడే ఇగ్లూలిక్ అనే ఊరి కథ వస్తుంది. సిగ్నల్ ఇస్తాం తీసుకోండి అంటే ఆ ఊరివాళ్లు ఓటింగ్ పెట్టుకున్నారు. 1975లో వద్దన్నారు. 1979లో మళ్లీ ఓటు వేసి మళ్లీ వద్దన్నారు. మా భాషలో ఒక్క కార్యక్రమం లేని పెట్టె మా ఇళ్లలోకి వస్తే మా పిల్లలు ఏ భాషలో పెరుగుతారన్నదే వాళ్ల ప్రశ్న.

దీన్ని చూసి 'పాతకాలపు మనుషులు, టెక్నాలజీ అంటే భయం' అనేవాళ్లు ఉంటారు. మన గురించి కూడా అట్లాగే అంటారు కదా. కానీ తర్వాత జరిగింది చూడండి. ఇన్యూయిట్‌ల సంఘం 1980లో ఇనుక్షుక్ అనే ప్రయోగం చేసింది. ఉపగ్రహం మీద సమయం తీసుకుని ఆరు ఊళ్లను కలిపింది. ఒకచోట నుంచి బొమ్మ, మాట వెళ్లేవి. మిగతా ఊళ్లవాళ్లు వాళ్ల భాషలోనే మాటతో జవాబిచ్చేవాళ్లు. ఆ ఆరు ఊళ్లలో ఇగ్లూలిక్ కూడా ఉంది. టీవీని రెండుసార్లు కాదన్న ఊరే తన గొంతు వినపడే ప్రయోగంలోకి వచ్చింది. 1981లో వాళ్ల సొంత ప్రసార సంస్థకి లైసెన్సు వచ్చింది, ఇనుక్టిటుట్‌లో కార్యక్రమాలు మొదలయ్యాయి. ఆ తర్వాత 1983లో ఇగ్లూలిక్ టీవీకి ఒప్పుకుంది.

అదే 1981లో ఇగ్లూలిక్‌లో రాతి బొమ్మలు చెక్కే జకారియాస్ కునుక్ అనే యువకుడు తన బొమ్మలు మాంట్రియల్‌లో అమ్మి, ఆ డబ్బుతో వీడియో కెమెరా కొన్నాడు. ఇరవై ఏళ్లకి అతను తీసిన 'అటనార్జువాట్' సినిమా పూర్తిగా ఇనుక్టిటుట్‌లో వచ్చి 2001లో కాన్ పండుగలో బహుమతి గెలిచింది. ఆ ఊరు కాదన్నది టెక్నాలజీని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

2. ఆస్ట్రేలియాలో ఒక స్విచ్

ఆస్ట్రేలియా 1985 ఆగస్టులో తన మొదటి ఉపగ్రహం ఆసాట్ పంపింది. ఎడారి నడిమధ్య ఉన్న ఆదివాసీ ఊళ్లకి నగరాల టీవీ రాబోతోందని అందరికీ తెలుసు. అది రాకముందే ఎర్నాబెల్లా, యుండుము అనే రెండు ఊళ్లవాళ్లు తమ కార్యక్రమాలు తామే తీసి, చిన్న ట్రాన్స్‌మిటర్లతో ఊళ్లో ప్రసారం మొదలుపెట్టారు. లైసెన్సు లేదు, చట్టం ప్రకారం తప్పే. అయినా పెద్దలు చెప్పే కథలు, పాటలు, ఊరి సంగతులు వాళ్ల పిట్జంట్జట్జారా, వార్ల్‌పిరి భాషల్లో ముందు తెర మీదికి వచ్చాయి. ఉపగ్రహం వచ్చేసరికి ఊరి టీవీ సిద్ధంగా ఉంది.

1987లో ప్రభుత్వం మారుమూల ఆదివాసీ ఊళ్ల కోసం ఒక పథకం పెట్టింది. ఉపగ్రహ ప్రసారం అందుకునే డిష్‌తోపాటు ఊరికి కెమెరా, చిన్న ట్రాన్స్‌మిటర్ ఇచ్చారు. పైనుంచి వచ్చే ప్రసారాన్ని ఆపి, మధ్యలో ఊరివాళ్ల కార్యక్రమం పెట్టుకునే వీలుంది. పరికరాలు చాలవని, శిక్షణ సరిగ్గా ఇవ్వలేదని విమర్శలు వచ్చాయి, అవి నిజమే. కానీ స్విచ్ ఊరి చేతిలో ఉండాలన్న మాట మాత్రం అక్కడ నిలబడింది.

3. మన దేశంలో ఆ ఒక్క సంవత్సరం

మన దగ్గర కథ కూడా పాతదే. విక్రమ్ సారాభాయ్ కాలంలో, 1969లో, అమెరికా నాసాతో ఒక ఒప్పందం కుదిరింది. ఆ ప్రయోగం పేరు సైట్. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని మనకి వాడుకోనిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు ఎంచుకున్నారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఒరిస్సా, మధ్యప్రదేశ్, బీహార్ కూడా ఉన్నాయి. ఊళ్లో అందరూ కలిసి చూసేలా ఒక టీవీ, దానికి మూడు మీటర్ల వెడల్పున వైరు జాలీతో చేసిన గొడుగు లాంటి యాంటెనా. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ లాంటి కార్యక్రమాలు. అది గొప్ప ప్రయోగమే, ప్రపంచమంతా దానివైపు చూసింది.

అయితే ఆ టీవీ ఏ భాషల్లో మాట్లాడింది? హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ. ఆరు రాష్ట్రాల్లో నాలుగు పెద్ద ఆదివాసీ రాష్ట్రాలే. అయినా గోండి లేదు, కువి లేదు, సవర లేదు, సంతాలీ లేదు. ఊరివాళ్లకి చూడటమే పని. తిరిగి ఒక మాట పైకి పంపే దారి ఆ గొడుగులో లేదు. సంవత్సరం అయిపోగానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకెళ్లింది. 1983లో మన ఇన్సాట్-1బి వచ్చాక టీవీ దేశమంతా పాకింది, కానీ ఏ భాషలో అన్న ప్రశ్న మాత్రం అట్లాగే ఉండిపోయింది.

2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. చాలా దేశాల జనాభా అంత ఉండదు. ఆ భాషకి వార్తలు కావాలంటే ఏం చేయాలి? 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకి చేసి, గోండిలోనో ఇంకో భాషలోనో తమ ఊరి సమస్య చెప్పి రికార్డు చేయొచ్చు. మిగతావాళ్లు ఫోన్ చేసి వినొచ్చు. చదువు రాకపోయినా పర్వాలేదు, నెట్ లేకపోయినా పర్వాలేదు. బోరింగ్ పాడైందనీ, కూలి డబ్బులు రాలేదనీ మనోళ్లు చెప్పుకున్నారు. పెద్ద ఉపగ్రహం చేయని పనిని చిన్న ఫోన్ చేసింది, ఎందుకంటే అందులో పైకి వెళ్లే దారి ఉంది.

4. ఇప్పటి డిష్ తేడా ఏంటి

36,000 కిలోమీటర్ల ఎత్తు ఉపగ్రహంతో నెట్ వాడితే, మనం అడిగిన మాట పైకెళ్లి కిందికొచ్చి, జవాబు మళ్లీ అదే దారిలో రావాలి. వెలుగు వేగంతో వెళ్లినా దాదాపు అరసెకను పడుతుంది. అందుకే వీడియో కాల్‌లో మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, కాబట్టి ఆలస్యం చాలా తక్కువ. కానీ అవి ఒకచోట నిలవవు, నిమిషాల్లో దాటిపోతాయి. అందుకే వేల సంఖ్యలో కావాలి. 2019 మే నెలలో మొదటి 60 పంపారు, అప్పట్నుంచి పంపుతూనే ఉన్నారు. డిష్‌కి పైన ఆకాశం బాగా కనపడాలి, చెట్లు అడ్డొస్తే సిగ్నల్ తెగుతుంది. కరెంటూ కావాలి. అడవి మధ్య ఇళ్లున్నవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

పాత టీవీకీ దీనికీ అసలు తేడా ఇంకొకటి. ఇది రెండువైపులా నడుస్తుంది. పైకి పంపే దారి ఇప్పుడు డిష్‌లోనే ఉంది. దాన్ని వాడుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది.

బ్రెజిల్ అమెజాన్ అడవిలో మరూబో అనే తెగ ఉంది, సుమారు 2,000 మంది. అక్కడికి స్టార్‌లింక్ డిష్‌లు వెళ్లాయి. పాము కరిస్తే సాయం పిలవడానికి, దూరం ఊళ్లలో ఉన్న చుట్టాలతో మాట్లాడటానికి పనికొచ్చాయి. పిల్లలు ఫోన్లకి అతుక్కుపోయి వేటకీ, పనికీ రావట్లేదని పెద్దలు బాధపడ్డారు కూడా. దాంతో వాళ్లే గంటలు పెట్టుకున్నారు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఐదు గంటలు, ఆదివారం రోజంతా. 2024లో దీని మీద ఒక అమెరికా పత్రిక కథనం రాస్తే, దాన్ని పట్టుకుని ప్రపంచమంతా ఆ తెగని అశ్లీల వీడియోలకి బానిసలని ఎగతాళి చేసింది. అట్లా మేం రాయలేదని ఆ పత్రికే మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ల ఊళ్లోకి నెట్ వచ్చింది సరే, వాళ్ల కథ మాత్రం బయటివాళ్ల నోటితోనే ప్రపంచానికి వెళ్లింది. మనకి ఇది కొత్త అనుభవం కాదు.

ఇంకోవైపు ఇన్యూయిట్‌లని చూడండి. 1999లో నూనావుట్ అని సొంత పాలనా ప్రాంతం ఏర్పడింది, అక్కడి ఊళ్లు ఉపగ్రహం మీదే బతుకుతున్నాయి. 2019లో సికు అనే యాప్ వచ్చింది. సికు అంటే సముద్రపు మంచు. వేటకి, ప్రయాణానికి మంచు మీద వెళ్లేవాళ్లు ఎక్కడ మంచు పలచగా ఉందో అందులో పెడతారు, తమ భాషలో మంచుకి ఉన్న పేర్లతోనే. నెట్ లేనిచోట కూడా నమోదు చేసుకోవచ్చు. ఆ సమాచారం మీద హక్కు పెట్టినవాళ్లదే. 2021లో ఉవాగుట్ టీవీ అని పూర్తిగా ఇనుక్టిటుట్‌లో నడిచే చానల్ కూడా వచ్చింది. 1975లో 'వద్దు' అన్న ఓటు నుంచి ఇక్కడిదాకా ఒకే దారి కనిపిస్తుంది.

5. మన గ్రామసభలో

మనకి 1996 పీసా చట్టం ఉంది. మన ఆచారాలనీ, సంస్కృతినీ, వనరులనీ కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని సెక్షన్ 4(డి) చెప్తుంది. ఎవరైనా డిష్ పట్టుకుని ఊరికొస్తే, అది ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, దానం చేసే సంస్థ అయినా, గ్రామసభలో కూర్చుని అడగాల్సినవి ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటుంది, గంటలు ఎవరు నిర్ణయిస్తారు? మొదటి ఏడాది ఉచితం అయితే రెండో ఏడాది బిల్లు ఎవరు కడతారు? సైట్ టీవీలా ఏడాదికే పోయేదైతే దాని మీద బడినీ, ఆస్పత్రినీ ఆధారపెట్టొచ్చా? ఆశ్రమ పాఠశాలలో పెడితే పిల్లలు చూసేవాటిలో మన భాషలో ఎన్ని ఉన్నాయి?

చివరి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పలేం. ఎందుకంటే అవి తయారుచేయాల్సింది మనమే. ఎర్నాబెల్లావాళ్లు ఉపగ్రహం వచ్చేదాకా ఆగలేదు. మనకీ ఆగాల్సిన పనిలేదు, జేబులో ఫోన్ ఉంది, దానికి నెట్ అక్కర్లేదు. ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు గోండి, కోయ, కువి, సవర, కొలామీ ఏదైనా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటే ఒక కథో, ఒక మందు చెట్టు సంగతో వాళ్ల మాటల్లోనే రికార్డు చేయండి. చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. బయటికి పంచొచ్చా లేదా అన్నది వాళ్లనే అడగండి. కొన్ని ఊరు దాటకూడనివి ఉంటాయి, వాటిని దాటనివ్వకండి. డిష్ వచ్చే రోజుకి మన దగ్గర పైకి పంపడానికి ఏదో ఒకటి ఉండాలి.

జై ఆదివాసీ.