పాత పూసని కరిగించే ముందు దాని రంధ్రంలోకి చూడండి

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక పూస ఉంది, అంతే. లోహంతో చేసిన చిన్న పూస.

మీలో చాలామంది ఇంట్లోనే జ్యువెలరీ చేస్తున్నారు. ఇత్తడి, రాగి, వెండి పూసలు ఆన్‌లైన్‌లో ప్యాకెట్ల లెక్కన తెప్పిస్తున్నారు. ఇంకోపక్క అదే ఇంట్లో బీరువాలో ఉన్న పాత గుండ్ల దండని "ఈ మోడల్ ఇప్పుడెవరు వేసుకుంటారు" అని కరిగించేస్తున్నారు. కొత్తవి కొనే ముందూ, పాతవి కరిగించే ముందూ ఒక్క మాట. పూసలో మనం లోహాన్నే చూస్తాం, తూకం వేస్తాం. కానీ దాని కథంతా మధ్యలో ఉన్న ఖాళీలో ఉంటుంది. ఎందుకంటున్నానో మూడు ఉదాహరణలతో చెప్తాను.

మొదటిది మెహర్‌గఢ్. ఇప్పటి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో, బోలాన్ కనుమకి దగ్గర్లో ఉంది. 1974 నుంచి జాఁ ఫ్రాంస్వా జారిజ్ అనే ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త టీమ్ అక్కడ తవ్వకాలు చేసింది. క్రీ.పూ. 6000 - 5000 మధ్య కాలానికి చెందిన ఒక సమాధిలో రాగి పూసలు దొరికాయి. ఇనుప యుగం కాదు, కంచు యుగం కూడా కాదు, అంతకంటే చాలా ముందు. రాగిని సుత్తితో కొట్టి పల్చటి రేకు చేసి, సన్నగా కత్తిరించి, పుల్లలాంటి దాని చుట్టూ చుట్టారు. పూస రెడీ. కొట్టేకొద్దీ రాగి గట్టిపడి పగులుతుంది. అందుకే మధ్యమధ్యలో కాల్చాలి, అప్పుడు మళ్ళీ మెత్తబడుతుంది. ఈ కిటుకు ఇప్పటికీ ఇంట్లో రాగి తీగతో పనిచేసే ప్రతి ఒక్కరికీ అవసరమే.

అసలు విషయం పూస లోపల ఉంది. వాటిలో ఒకదాని రంధ్రంలో కొన్ని దారపు పోగులు మిగిలాయి. మామూలుగా మట్టిలో దారం కుళ్ళిపోతుంది. ఇక్కడ రాగి పట్టిన చిలుము ఆ పోగుల్లోకి దిగి, వాటి ఆకారాన్ని అలాగే ఉంచేసింది. 2002లో ప్రచురించిన పరిశోధనలో అవి పత్తి పోగులని తేల్చారు. మన ఉపఖండంలో పత్తి వాడకానికి దొరికిన అతి పాత ఆధారాల్లో ఇదొకటి. ఇప్పుడు ఊహించండి. ఎవరైనా ఆ పూసని చింతపండు పెట్టి తోమి తళతళలాడించి ఉంటే? పూస మిగిలేది. పత్తి చరిత్రలో ఒక పేజీ చెరిగిపోయేది.

రెండోది ఈజిప్టు. కైరోకి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో గెర్జే అనే చోటు. 1911లో అక్కడి సమాధుల్లో 9 ఇనుప పూసలు దొరికాయి. వయసు సుమారు 5,200 ఏళ్ళు. ఇక్కడే చిక్కుంది. ఖనిజం నుంచి ఇనుము తీయడం మనిషికి వచ్చింది ఆ తర్వాత వేల ఏళ్ళకి. మరి ఈ ఇనుము ఎక్కడిది? ఆకాశం నుంచి. అంటే ఉల్కల నుంచి. ఉల్కల ఇనుములో నికెల్ ఎక్కువగా ఉంటుంది. ఈ అనుమానం చాలాకాలం నుంచి ఉన్నా, 2013లో వచ్చిన పరిశోధనలు గట్టి ఆధారం చూపించాయి. అప్పటికి ఆ పూసలు పూర్తిగా తుప్పు పట్టిపోయి ఉన్నాయి. వాటిని కోయకుండానే న్యూట్రాన్లు, గామా కిరణాలతో పరీక్షించారు. నికెల్‌తో పాటు కోబాల్ట్, జెర్మేనియం జాడలు కనిపించాయి. రేకుగా కొట్టి గొట్టంలా చుట్టారని కూడా తెలిసింది. మెహర్‌గఢ్ రాగి పూస ఎలా చేశారో అలాగే. చూడటానికి పనికిరాని తుప్పు ముద్ద. దాన్ని పారేయకుండా ఉంచారు కాబట్టే వందేళ్ళ తర్వాత జవాబు దొరికింది.

మూడోది మనకి బాగా దగ్గరిది, కాస్త బాధ పెట్టేది కూడా. మొహెంజొదారోలో బంగారు పూసల హారాలు దొరికాయి. అక్కడి కంసాలులు బిళ్ళలాంటి బంగారు పూసకి మధ్యలో సన్నటి గొట్టం పెట్టి అతికేవాళ్ళు. దారం ఆ గొట్టంలోంచి వెళ్తుంది. 4,000 ఏళ్ళు దాటిన ఆ పనితనం ఈరోజు ఏ డిజైనర్ చేసినా మెచ్చుకుంటాం. ఎర్రటి పొడవాటి కార్నీలియన్ రాళ్ళ మధ్య రాగి, కంచు పూసలు కూర్చిన ఒక మొలనూలు కూడా దొరికింది.

1947లో దేశం రెండయ్యాక మ్యూజియం వస్తువుల్ని కూడా పంచుకోవాల్సి వచ్చింది. బొమ్మనో కుండనో అయితే నీకొకటి నాకొకటి అనుకోవచ్చు. హారాన్ని ఎలా పంచాలి? దారం విప్పి పూసలు పంచుకున్నారు. మొలనూలుదీ అదే గతి. సగం అటు, సగం ఇటు. బంగారం బంగారంగానే ఉంది. కానీ ఆ హారం ఇక హారంగా లేదు. తూకం ఒక్కటే చూస్తే ఏం పోతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. పుస్తెలతాడులో నల్లపూసలు, పగడాల పక్కన ఉండే బంగారు గుండ్లు మీరంతా చూసే ఉంటారు. పాత పద్ధతిలో బంగారు రేకుని గుంటలున్న దిమ్మె మీద కొట్టి రెండు సగం చిప్పలు చేస్తారు. వెలిగారం రాసి టంకంతో అతుకుతారు. రేకు పల్చన కాబట్టి సొట్ట పడకుండా కొన్నిటి లోపల లక్క నింపుతారు. అవే లక్క గుండ్లు. తక్కువ బంగారంతో నిండుగా కనిపించే నగ. డబ్బు ఎక్కువ లేని ఇళ్ళకి ఇదొక తెలివైన ఇంజినీరింగ్.

నేను జాబ్ మానేసి ఈ ఛానెల్ మొదలుపెట్టిన ఏడాది, మా ఇంట్లో అమ్మమ్మ గుండ్ల దండ మీద పెద్ద చర్చే నడిచింది. కరిగిస్తే చెల్లికి గాజులొస్తాయని అమ్మ. అవి నా పెళ్ళినాటివే అని అమ్మమ్మ. నేను ఫోన్ కెమెరా జూమ్ చేసి ఒక్కో గుండు రంధ్రం చూశాను. ప్రతి గుండుకీ అంచు ఒకే వైపు అరిగి ఉంది. యాభై ఏళ్ళు దారం రాసుకున్న గుర్తు. అది చూశాక అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి 5 గుండ్లు ఉంచి, మిగతావి కరిగించారు. గాజులు వచ్చాయి. ఆ 5 గుండ్లు నల్లపూసల్లో కూర్చి చెల్లే వేసుకుంటోంది. కరిగించడం పాపం అని నేను అనను. అందరికీ దాచుకునే స్తోమత ఉండదు. కొన్నైనా ఉంచండి, ఫోటోలు తీయండి అంటాను, అంతే.

ఇక కొత్త పూసలు కొనేవాళ్ళకి ఇదే చరిత్ర నేర్పే నాలుగు టెస్టులు.

ఒకటి, రంధ్రం అంచు. ఒక దారప్పోగు లోపల పెట్టి అటూ ఇటూ లాగండి. చిట్లితే ఆ పూస మీ దండని ఏదో ఒకరోజు తెంపేస్తుంది. సన్నటి ఆకురాయితో అంచు నునుపు చేయండి, లేదంటే లోహపు తీగ మీద గుచ్చండి.

రెండు, అతుకు. రేకు చుట్టిన పూసల్లో సందు ఉంటే సన్న దారం అందులోంచి జారిపోతుంది.

మూడు, అయస్కాంతం. పూస అతుక్కుంటే లోపల ఇనుము లేదా నికెల్ ఉండొచ్చు. ఇనుమైతే పూత పోయాక తుప్పు పడుతుంది. నికెల్ కొందరికి దురద తెప్పిస్తుంది. అతుక్కోనంత మాత్రాన బంగారమో వెండో అనుకోకండి. ఇత్తడి, రాగి కూడా అతుక్కోవు.

నాలుగు, బరువు. బోలు పూస తేలిక, కానీ సొట్ట పడుతుంది. గట్టి పూస బరువు, దారం మీద భారం. లక్క గుండ్లు కొన్నా అమ్మినా, మొత్తం బరువెంత, అందులో బంగారమెంత అని విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి.

పాత పూసలు దొరికితే మాత్రం వెంటనే తోమకండి. ముందు వెలుతురులో పెట్టి, రంధ్రంలోకి ఒకసారి చూడండి. దారం ముక్క ఉందా, లక్క ఉందా, అంచు ఎటువైపు అరిగింది? ఆ దండ ఎవరిదో తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళు చెప్పేది ఈరోజే రికార్డ్ చేసి పెట్టుకోండి. లోహాన్ని ఎప్పుడైనా తూకం వేయొచ్చు. ఆ మాటలు మాత్రం వాళ్ళున్నప్పుడే దొరుకుతాయి.