అరుగుమీది శ్రోతయు తెలుగు వార్తయు

పూర్వము పల్లెటూరి గ్రంథాలయమునకు టపాలో పత్రిక యొకటి వచ్చెడిది. సాయంకాలము ఒకరు బిగ్గరగా చదువుచుండ అరుగుమీదివారు వినుచుండెడివారు. చందాదారు డొక్కడే యైనను దానిని అందుకొన్నవారు పలువురు. వారిలో అక్షరము రానివారు అనేకులు. పత్రికల చరిత్రను ముద్రణాలయముల సంఖ్యనుబట్టి చెప్పువారు కలరు. అరుగుమీద కూర్చున్నవానికి ఎంత బోధపడినదో దానినిబట్టి చెప్పుట మరింత న్యాయము.

తొలినాళ్ల పత్రికలకు ఆ శ్రోత కానరాలేదు. 1871లో వెలువడిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ‘ఆంధ్రభాషాసంజీవని’ పండితుల పత్రిక. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘వివేకవర్ధని’ని స్థాపించిరి. లంచగొండితనమును, బాల్యవివాహములను ఖండించుట ఆయన పని. తిట్టు తగులవలెనన్న తిట్టబడినవానికి అర్థము కావలెను గదా! అందుచేతనే ఆయన వచనము క్రమముగా తేలికపడినది.

అర్థమగునట్లు వ్రాయుటకు మూల్యము చెల్లించినవారును కలరు. 1908లో తిరునెల్వేలి కాల్పులను గూర్చి బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసమునకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాల పాలైరి. అనంతర కాలమున గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును పెద్దదిక్కైనవారు వీరే. పత్రిక వ్రాసి జైలు చూచిన మనుష్యుడు, దానిని చదువగలవారిని తయారుచేయుటకు పూనుకొనుట గమనింపదగినది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన ‘ఆంధ్రపత్రిక’ 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక యయ్యెను. నాలుగు నెలలకే ఐరోపాలో మహాయుద్ధము వచ్చిపడెను. వారపత్రికకు మాట వెదకుకొన వ్యవధి యుండును. దినపత్రికకు తంతి రాత్రి వచ్చిన తెల్లవారుసరికి తెలుగు కావలెను. ఈ తొందరలోనే వార్తారచనకు పరిభాష కుదురుకొనుచు వచ్చినది. తల యను అర్థముగల శీర్షమునుండి ‘శీర్షిక’ వచ్చెను. వార్త వ్రాసి పంపువాడు ‘విలేఖరి’, పత్రిక తన యభిప్రాయమును చెప్పుచోటు ‘సంపాదకీయము’ అయినవి. పురాణములలోని ‘విమానము’ క్రొత్త యంత్రమునకు పేరుగా నిలిచినది. ‘సంపాదకుడు’ అను మాటలో సంపాదన యున్నను, ఆ పదవిలో అది మృగ్యమని పూర్వులు పరిహాసమాడెడివారు.

మాటలకన్న వాక్యము కష్టపెట్టినది. ఇంగ్లీషు వాక్యమున క్రియ ముందుగానే వచ్చును. తెలుగున అది చివర నుండును. తంతిని ఉన్నదున్నట్లు తెనిగించినచో “ఎగువ ప్రాంతములలో కురిసిన భారీవర్షముల కారణముగా పొంగిన ఏటి ప్రవాహమునకు గండిపడిన గట్టు మూలమున మూడు గ్రామములకు రాకపోకలు నిలిచినవి” అని తయారగును. వినువాడు రాకపోకల సంగతి తెలియుటకు వాక్యము తుదవరకు ఊపిరి బిగబట్టవలెను. “ఏటిగట్టు తెగినది. మూడు గ్రామములకు దారి లేదు. ఎగువ వానలు ఎక్కువగా పడినవి” అన్నచో రేపు బండి కట్టవలెనో మానవలెనో మొదటి రెండు మాటలలోనే తేలిపోవును. ముఖ్యమైనది ముందు, వివరములు వెనుక వ్రాయు ఈ పద్ధతిని విలోమ పిరమిడ్ అందురు. ఇందు కంపోజిటరుకును లాభము కలదు. చోటు చాలనప్పుడు చివరి పంక్తులు తీసివేసినను వార్త చెడదు.

పత్రికకు పట్టణమే కావలెనను నియమము లేదు. నైజాము రాజ్యమున ఓరుగల్లు ప్రాంతపు ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు 1922లో ‘తెనుగు పత్రిక’ను వెలువరించిరి. అదే యేట నల్లగొండలో ‘నీలగిరి పత్రిక’ పుట్టెను. పాలనాభాష ఉర్దూయైన ఆ సీమలో తెలుగున వార్త చదువుకొనుటయే ఒక సాహసము. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున ‘గోలకొండ పత్రిక’ హైదరాబాదున ఆరంభమయ్యెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను బదులుగా నిచ్చిరి. కోపమును ఇంత ఫలవంతముగా వాడుకొన్న సంపాదకులు అరుదు.

తరువాత తాపీ ధర్మారావుగారు ‘జనవాణి’లో వాడుకభాషను ప్రవేశపెట్టిరి. నార్ల వేంకటేశ్వరరావుగారును ఆ త్రోవనే బలపరచిరి. వార్త అరుగుమీదివాని మాటకు దగ్గరైనది.

ఆ అరుగుచివర ఇంకొక శ్రోత యుండెను: అక్షరములు కూడబలుకుకొను పిల్లవాడు. వానికై 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ను, 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసునుండి ‘చందమామ’ను తెచ్చిరి. పిల్లల బొమ్మకు శీర్షికతో పోలిక కలదు. అక్షరము చూడకమునుపే కథలో ఎవరున్నారో, ఏమి జరుగుచున్నదో అది చెప్పవలెను. కథలో రాజు వేటకు పోయిన పుటలోనే బొమ్మలోని రాజును వేటకు పోవలెను. ముందుపుటలో పోయినచో కథ రట్టగును. రాజు మొగము, తలపాగా పుటపుటకు మారరాదు. మారినచో “ఈ రాజు వేరు” అని పిల్లవాడు వెంటనే పట్టుకొనును. 1952 నుండి 1980 వరకు ‘చందమామ’ కథలను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి వాక్యములు పొట్టివి. బిగ్గరగా చదివిన ఎచ్చటను ఊపిరి ఆగదు. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములు చూచుటకే సంచిక తీసినవారును కలరు. ‘చందమామ’ ఇప్పుడు వెలువడుటలేదు. పాత సంపుటములు దాచిన గ్రంథాలయములలో మాత్రము వానిని పిల్లలకన్న ముందుగా పెద్దలే అడిగి పుచ్చుకొనుచుందురు.