కన్యాశుల్కం (నాటకం)

కన్యాశుల్కం గురజాడ అప్పారావు (1862–1915) రాసిన సాంఘిక హాస్య నాటకం. పెద్దమనుషుల మాటల చాటున సాగే బేరాలను, అబద్ధాలను రంగస్థలం మీదికి ఈడ్చిన తెలుగు నాటకాల్లో దీనికి సాటి లేదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది.

నాటకానికి పునాది ఒక లెక్క. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో సొమ్ము పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసివాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఖమ్మం, భద్రాచలం అడవుల్లోని కోయ కుటుంబాల్లోనూ మగపెళ్లివారు ఓలి ఇచ్చే ఆచారం ఉంది. కానీ అక్కడ పెళ్లి ఈడేరిన పిల్లకు జరుగుతుంది. గురజాడ కోపమంతా, మాట రాని పిల్లను కాటికి కాళ్లు చాచిన ముసలివాడికి అమ్మి, దానికి శాస్త్రం అడ్డం పెట్టుకునే వాళ్ల మీద.

అంతకుముందే కందుకూరి వీరేశలింగం ప్రహసనాలు వాడుక మాటల్లో లోకం తీరును ఎండగట్టాయి. గురజాడ ఆ దారినే వచ్చినా పాత్రలను దిష్టిబొమ్మలుగా నిలబెట్టలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకమే. అయిదంకాలు ఏడయ్యాయి, వేశ్య మధురవాణి పాత్ర బాగా పెరిగింది. ఈ రోజు మనం చదివేది, ఆడేది ఈ కూర్పునే.

ఇందులో సంఘసంస్కరణ మీద గంటలకొద్దీ ఉపన్యసించే గిరీశం పచ్చి మోసగాడు. మాట తప్పనిది వేశ్య అయిన మధురవాణి. నిజంగా నిజాయతీపరుడైన వకీలు సౌజన్యారావు పంతులు మాత్రం వేశ్యల ముఖం చూడనని పట్టుబట్టిన మనిషి. ఆ పట్టుదలకు చివరి అంకంలో పరీక్ష వస్తుంది. లుబ్ధావధాన్లు అనే ముసలివాడు పెళ్లాడిన పిల్ల కనిపించకుండా పోయింది, హత్య కేసు అతని మెడకు చుట్టుకుంది. ఆ పెళ్లికూతురు ఆడవేషం కట్టిన కుర్రాడన్న రహస్యం మధురవాణికి తెలుసు. మగవేషంలో పంతులు ఇంటికి వచ్చి, ముసలివాణ్ని కాపాడాలంటే తనకో ముద్దివ్వాలని అడుగుతుంది. ఆయన తటపటాయించి, ఒక ప్రాణం కోసం నియమం వదులుకోవడానికి సిద్ధపడతాడు. అప్పుడామె వారిస్తుంది. మంచివాణ్ని చెడగొట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఆయన చేతి నుంచి ఆమెకు దక్కింది భగవద్గీత. తెలుగు నాటకంలో ఇంత నిండైన సన్నివేశం నాకు మరొకటి తోచదు.

ఫ్రెంచి నాటకకర్త మోలియర్ 1666లో పారిస్‌లో ఆడిన ‘ల మిజాంత్రోప్’ ముడి కూడా ఇలాంటిదే. మొహమాటపు పొగడ్తలను సహించని ఆల్సెస్త్, పదిమందినీ మాటలతో ఆడించే సెలిమెన్‌ను ప్రేమిస్తాడు. ఒరోంత్ అనే అతను తన కవిత వినిపిస్తే, ఆల్సెస్త్ బాగోలేదని తేల్చేసి తగాదా తెచ్చుకుంటాడు. చివరికి అందరినీ వదిలి ఏకాంతానికి పోదాం రమ్మని సెలిమెన్‌ను అడుగుతాడు. ఆమె కాదంటుంది. తన నియమంతో అతను ఒంటరిగా మిగిలిపోతాడు. సౌజన్యారావు మాత్రం ఎదుటి మనిషి కోసం ఒక మెట్టు దిగుతాడు, గురజాడ అతన్ని ఇంకా పెద్దవాణ్ని చేస్తాడు. మోలియర్ హాస్యాన్ని తర్వాతి కాలంలో భమిడిపాటి కామేశ్వరరావు తెలుగు ఇళ్ల వాతావరణానికి మలిచారు.

పాత్రలన్నీ తమ ఊరి, కులపు పలుకుబడిలో మాట్లాడటం గ్రాంథికవాదులకు రుచించలేదు. వ్యావహారికవాదులకు అదే పెద్ద బలమైంది. నాటకం చాలా పొడుగు కాబట్టి నాటక సమాజాలు కుదించి ఆడతాయి. 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఎన్.టి.రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా నటించారు. ఈలోగా పెళ్లి బేరం తలకిందులైంది. పిల్ల తండ్రి సొమ్ము పుచ్చుకునే చోట కట్నం చెల్లించే రోజులు రాగా, కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం రాశారు.