పీఠం మీద కాగులు

మూలం: చర్చి మూతపడగా, పీఠముపై కాగులు నిలిపి, బల్లలు కోసి, సాయంకాలమున బీరు పోసిరి.

(వాక్యం నాదే, జరిగింది మాత్రం నిజం.)

చర్చి: అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, లిబర్టీ అవెన్యూ మీద 1902లో కట్టిన సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ కాథలిక్ చర్చి. మనవాళ్లకు ఆ ఊరనగానే పెన్‌హిల్స్ కొండమీది వెంకన్న గుడి గుర్తొస్తుంది.

మూతపడగా: 1980లలో ఉక్కు మిల్లులు మూతపడ్డాయి. పని పోయినవాళ్లు వలసపోయారు, పిల్లలు శివార్లకు మారారు. 1993లో డయోసీస్ చర్చిని మూసేసింది. మెదక్ చర్చిలో క్రిస్మస్‌కు కాలు పెట్టే చోటుండదు కాబట్టి, ఖాళీ చర్చి అంటే మనకు నమ్మబుద్ధి కాదు. అలా మూసేసిన చర్చి కట్టడాన్ని లౌకికమైన పనికి ఇవ్వొచ్చు, నీచమైన పనికి మాత్రం కాదు అంటుంది కాథలిక్ చట్టంలోని 1222వ సూత్రం. బీరు ఏ కోవకు వస్తుంది? తగాదా అంతా అక్కడే.

పీఠముపై కాగులు నిలిపి: 1996లో అది ‘చర్చ్ బ్రూ వర్క్స్’ అయింది. ఫాదర్ నిలబడి పూజ చేసిన చోట, నీలిరంగు పూసిన అర్ధగోళం కింద, బీరు కాచే రాగి, ఉక్కు కాగులు నిలబెట్టారు. నానబెట్టి మొలకెత్తించిన బార్లీని ఎండబెట్టి, దంచి, వేడినీళ్లలో కలిపి, ఆ రసాన్ని హాప్స్ పువ్వులతో మరిగించేది వాటిలోనే. తలుపు తోసి లోపలికి రాగానే చూపు నేరుగా అక్కడికే పోతుంది. పోవాలనే పెట్టారు!

బల్లలు కోసి: పొడుగాటి ప్రార్థన బల్లలను పొట్టిగా కోసి కూర్చునే సీట్లు చేశారు. మిగిలిన ఓక్ చెక్క బారు కౌంటర్‌కు పనికొచ్చింది. ఈ పొదుపు నాకు నచ్చింది.

సాయంకాలమున: రంగుటద్దాల కిటికీలు పగలు లోపలివాళ్లకు వెలుగుతాయి. పొద్దుగూకాక లోపల నల్లబడి, వీధిలో పోయేవాడికి వెలుగుతాయి. పబ్బుకు జనం వచ్చే వేళా అదే.

బీరు పోసిరి: ‘దేవుడింట్లో మందా!’ అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఒకసారి ఛత్తీస్‌గఢ్‌లోని మా మద్దేడ్ వైపు రావాలి. ఇక్కడ ఇప్పసారా అయినా, జీలుగు కల్లు అయినా, తాగే ముందు నాలుగు చుక్కలు నేలమీద వదిలి, వేల్పుకూ పెద్దలకూ ఇచ్చాకే దొప్ప నోటిదాకా వెళ్తుంది. క్రైస్తవంలోనూ మందు అంటరానిది కాదు: పూజలో ద్రాక్షారసం ఉంది, బెల్జియంలోని వెస్ట్‌మల్లె సన్యాసుల మఠంలో 1836 నుంచి బీరు కాస్తున్నారు. కాబట్టి తప్పు బీరుది కాదు. ఒకప్పుడు మోకరిల్లిన చోటును అంగడి అలంకారంగా వాడుకోవడమే నాకు మింగుడుపడనిది. కట్టడం కూలకుండా నిలిచింది, అది మేలే. కాగులు మాత్రం పక్క గదిలో పెట్టుకోవలసింది.