"లేదు" అని చెప్పే రక్తపరీక్ష: డి-డైమర్ కథ

మా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురం. ఇక్కడ సీఓపీడీ ఉన్న పెద్దాయనకి అర్ధరాత్రి ఆయాసం పెరిగిందనుకోండి. పాత జబ్బేనా, లేక ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందా? సీటీ స్కాన్‌కి పరిగెత్తాలా?

గడ్డ రక్తంలో కొట్టుకొచ్చి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందని 19వ శతాబ్దంలోనే జర్మన్ డాక్టర్ విర్కో చెప్పాడు. బతికున్న మనిషిలో దాన్ని పట్టుకోవడమే కష్టమైంది. గడ్డ కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ముక్క డి-డైమర్. 2000లో కెనడా డాక్టర్ వెల్స్ బృందం దారి చూపింది: ముందు లక్షణాలకి మార్కులు వేయాలి. మార్కులూ తక్కువై, డి-డైమరూ తక్కువైతే గడ్డ దాదాపు లేనట్టే.

మామూలు హద్దు మిల్లీలీటరుకి 500 నానోగ్రాములు. కానీ వయసుతో, ఇన్ఫెక్షన్‌తో కూడా ఇది పెరుగుతుంది. అందుకే 2014లో ఒక అధ్యయనం 50 దాటినవాళ్లకి వయసుని పదితో గుణించి చూసింది. 75 ఏళ్లకి 750 అన్నమాట. 2021లో వెలువడిన ఫ్రెంచ్ అధ్యయనంలో, ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేరిన 740 మంది సీఓపీడీ రోగుల్లో గడ్డ దొరికింది 44 మందికి. కొట్టిపారేసే సంఖ్య కాదు, అలాగని అందరికీ స్కానూ అక్కర్లేదు.

కోవిడ్ రోజుల్లో ఈ రిపోర్టు ఎక్కువొస్తే హడలిపోయాం కదా? ఎక్కువొస్తే గడ్డ ఉందని కాదు, ఇంకా వెతకాలని. దీని బలమంతా "లేదు" అనడంలోనే ఉంది. అదీ డాక్టర్ మనిషిని చూశాకే. ఫోన్‌లో రిపోర్టు చూసి మీరే తేల్చేయకండి. ఆయాసం పెరిగితే ముందు బయలుదేరండి!